మొక్కల రోగనిరోధకత: పసిగట్టడం సగం కథే

1940ల మొదట్లో అమెరికాలో ఓట్స్ పండించే రాష్ట్రాల్లో ‘విక్టోరియా’ సంతతికి చెందిన వంగడాలు విరివిగా సాగులోకి వచ్చాయి. దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఈ విక్టోరియా రకంలో పీసీ-2 అనే జన్యువు ఉంది. అది ఉన్న మొక్కకు తుప్పు తెగులు అంటదు. కొన్నేళ్లు తిరక్కుండానే ఆ చేలు అంతకుముందు ఎవరూ పట్టించుకోని మరో శిలీంధ్రానికి బలైపోయాయి. విక్టోరియా పోలిక లేని ఓట్స్‌ను మాత్రం ఆ శిలీంధ్రం ఏమీ చేయలేకపోయింది. అది వదిలే విక్టోరిన్ అనే విషం ఆ ఒక్క వంశపు మొక్కలనే చంపుతుంది. తుప్పును ఆపే గుణాన్ని అట్టేపెట్టుకుని, ఈ కొత్త జబ్బుకు లొంగే గుణాన్ని వేరుచేయాలని ప్రజనన శాస్త్రవేత్తలు ఎంత ప్రయత్నించినా రెండూ విడిపోలేదు. కారణం అరవై ఏళ్ల తర్వాత అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో బయటపడింది. విక్టోరిన్ ధాటికి ఆ మొక్క చావాలంటే దానిలో లోవ్-1 అనే ప్రోటీన్ ఉండి తీరాలని 2007లో తేలింది. ఆ ప్రోటీన్ మరేదో కాదు, రోగకారకాలను పసిగట్టే కుటుంబానికే చెందినది. ఈ శిలీంధ్రం చచ్చిన కణాలను తిని బతికే రకం. అందుకే అది మొక్క కాపలాను తప్పించుకోవడం మాని, కావాలనే దాన్ని రెచ్చగొడుతుంది. రోగం ఇక్కడే ఆగిపోవాలని మొక్క తన కణాలను తానే చంపుకుంటుంది. శిలీంధ్రానికి విస్తరి వేసినట్టవుతుంది. కంచే చేను మేయడం అంటే ఇదే. మొక్కల రోగనిరోధకతపై గత ముప్ఫై ఏళ్లలో పోగుపడిన పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించే ప్రధాన విషయం ఈ ఉదంతంలోనే ఉంది. శత్రువును గుర్తించడం మొక్కకు అంత కష్టం కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతమేరకు స్పందించాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడమే కష్టం. పంటల్లో నిరోధకత నిలవడమూ నిలవకపోవడమూ చాలావరకు ఈ రెండో పని మీదే ఆధారపడి ఉంటుంది.

మొక్కకు రక్తప్రసరణ లేదు, ఒళ్లంతా తిరుగుతూ శత్రువును వేటాడే తెల్లకణాలూ లేవు, ప్రతిరక్షకాలూ లేవు. కాబట్టి ఆకులోనూ వేరులోనూ దాదాపు ప్రతి కణమూ తన కాపలా తనే కాసుకోవాలి. ఇందుకు కణపు పైపొరలో గ్రాహకాలుంటాయి. అవి సూక్ష్మజీవులు తేలిగ్గా వదులుకోలేని భాగాలను గుర్తుపడతాయి. శిలీంధ్రాల గోడలోని కైటిన్, బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెల్లిన్ అలాంటివి. 2000లో బాసెల్‌లో థామస్ బోలర్ బృందం గుర్తించిన ఎఫ్‌ఎల్‌ఎస్-2 గ్రాహకం ఫ్లాజెల్లిన్‌లోని 22 అమైనో ఆమ్లాల ముక్కను పట్టుకుంటుంది. ఆ గ్రాహకం లేని మొక్కల ఆకుల మీద బాక్టీరియాను చల్లితే జబ్బు ఎక్కువగా సోకుతుందని 2004లో రుజువైంది. ఇలాంటి మరో గ్రాహకం ఈఎఫ్‌ఆర్ ఆవాల కుటుంబపు మొక్కల్లో మాత్రమే ఉంటుంది. 2010లో దాన్ని టమాటాలోకి మార్చినప్పుడు వడలు తెగులు కలిగించే రాల్‌స్టోనియా బాక్టీరియాను టమాటా మొక్క తట్టుకుంది. పసిగట్టే శక్తికి విలువ లేదని నేననడం లేదు. ఒక్క గ్రాహకం తోడైతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

అయితే ఆ గ్రాహకం మోగిన తర్వాతి గంటను దగ్గరగా చూడాలి. ప్రయోగశాలలో ఆకు నుంచి చిన్న చిన్న బిళ్లలు కత్తిరించి రాత్రంతా నీళ్లలో తేలేస్తారు. కత్తిరించిన గాయమే మొక్కకు ఒక హెచ్చరిక కాబట్టి అది చల్లారేదాకా ఆగాలి. మర్నాడు ఆ నీటిలో లూమినాల్ కలిపి, ఫ్లాజెల్లిన్ ముక్కను చేర్చి చీకటి గదిలోని యంత్రంలో పెడితే ఆకు బిళ్ల వెలుగు చిమ్ముతుంది. మన కంటికి ఆనదు గానీ యంత్రం లెక్కపెడుతుంది. గ్రాహకం తన జోడీ ప్రోటీన్ బాక్-1ను కలుసుకోవడానికి క్షణాలు చాలు. ఒకటి రెండు నిమిషాల్లో కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది. రెండు మూడు నిమిషాలకు, లూమినాల్‌ను వెలిగించే హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటైన ఆక్సిజన్ రూపాలు పుట్టడం మొదలై, పది పదిహేను నిమిషాలకు శిఖరాన్ని అందుకుని, అరగంట దాటాక దాదాపు సద్దుమణుగుతాయి. చాలాకాలం పరిశోధకుల చూపంతా, ఆ వెలుగును యంత్రం నమోదు చేసే గీతలో పైకెక్కే భాగం మీదే ఉండేది. దిగే భాగాన్ని, అలసట వల్ల వచ్చేదే అన్నట్టు వదిలేశారు. నిజానికి దిగడం కూడా ఒక పనే. బాక్-1 తనతోపాటు మరో రెండు ప్రోటీన్లను గ్రాహకం దగ్గరికి చేరుస్తుంది. అవి గ్రాహకానికి ‘పారేయాల్సినది’ అన్న గుర్తు తగిలిస్తాయని 2011లో తేలింది. మరో ప్రోటీన్ బిర్-2, శత్రువు లేనంతకాలం బాక్-1ను పట్టుకుని గ్రాహకాన్ని చేరనివ్వదు. లోపల సంకేతాన్ని మోసే బిక్-1 మోతాదు మించకుండా సీపీకే-28 అనే ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు తగ్గిస్తూ ఉంటుంది. ఈ పగ్గాల్లో ఏ ఒక్కటి తెంపినా ఆ వెలుగు గీత మామూలుకంటే ఎత్తుకు లేస్తుంది. అంటే గ్రాహకం తన సత్తా మొత్తం ఎన్నడూ చూపదు, మొక్క ఎంతవరకు వదిలితే అంతవరకే.

ఈ పగ్గాలు మొక్కకు ఎంత ముఖ్యమో రోగకారకాలకు మనకంటే ముందే తెలిసిపోయింది. బాక్టీరియా తగలగానే పత్ర రంధ్రాలు గంటలోపే మూసుకుంటాయని 2006లో మిషిగన్‌లో షెంగ్ యాంగ్ హె బృందం చూపించింది. కానీ మూడు నాలుగు గంటలకు అవే మళ్లీ తెరుచుకున్నాయి. కొన్ని సూడోమోనాస్ బాక్టీరియాలు కొరొనాటిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది మొక్క సొంత హార్మోను జాస్మోనేట్‌కు అచ్చు నకలు. పురుగులు కొరికినప్పుడు జాస్మోనేట్ దారి తెరుచుకుంటే, సూక్ష్మజీవులను ఎదుర్కొనే సాలిసిలిక్ ఆమ్లపు దారి నెమ్మదిస్తుంది. ఉన్న శక్తిని ఒకే పోరు మీద పెట్టడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. బాక్టీరియా ఆ ఏర్పాటునే వాడుకుని తలుపు తీయించుకుంటుంది.

పైపొర గ్రాహకాలను దాటడానికి రోగకారకాలు కణం లోపలికి ఎఫెక్టర్లనే ప్రోటీన్లను చొప్పిస్తాయి. వాటిని పట్టడానికి లోపల ఇంకో కుటుంబపు గ్రాహకాలున్నాయి. క్లుప్తంగా వాటిని ఎన్‌ఎల్‌ఆర్‌లంటారు. అరబిడాప్సిస్‌లో ఇవి సుమారు 150, వరిలో సుమారు 500. వీటి ఆనవాలు మొదట దొరికింది అవిసె మొక్కలో. 1940ల్లో నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్, మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు తుప్పు శిలీంధ్రంలో ఒక్కో జన్యువు జోడీగా ఉంటుందని తేల్చాడు. తాళానికి తాళంచెవిలా ఎఫెక్టర్‌కు గ్రాహకం నేరుగా అతుక్కుంటుందని ఆ తర్వాత చాలామంది అనుకున్నారు. కొన్నిచోట్ల నిజంగానే అలా జరుగుతుంది. కానీ చాలా ఎన్‌ఎల్‌ఆర్‌లు శత్రువును చూడనే చూడవు, శత్రువు ముట్టుకునే వస్తువు మీద కన్నేసి ఉంచుతాయి. అరబిడాప్సిస్‌లోని రిన్-4 ప్రోటీన్ కథ దీనికి నమూనా. వేర్వేరు ఎఫెక్టర్లు వచ్చి దాన్ని మారుస్తాయి, లేదా ముక్కలు చేస్తాయి. మారిస్తే ఆర్‌పీఎం-1, ముక్కలు చేస్తే ఆర్‌పీఎస్-2 మేల్కొంటాయని 2002, 2003 సంవత్సరాల్లో తెలిసింది. కొన్ని వందల గ్రాహకాలతో లెక్కలేనన్ని రోగకారకాలను మొక్క ఎలా సంబాళిస్తుందన్న ప్రశ్నకు ఇదొక మంచి జవాబు. అదే సమయంలో ఇది ఒక ప్రమాదం కూడా. కాపలాలో ఉన్న వస్తువు మరే కారణం వల్లనో కాస్త చెదిరినా శత్రువు లేకుండానే హెచ్చరిక మోగుతుంది. 2019లో చైనా శాస్త్రవేత్తలు జార్-1 అనే ఎన్‌ఎల్‌ఆర్ మేల్కొన్నప్పటి రూపాన్ని చూపారు. అయిదు అణువులు చక్రంలా కూడి పైపొరకు గుచ్చుకుంటాయి. ఆ చక్రం కాల్షియాన్ని లోపలికి వదిలే రంధ్రమేనని 2021లో తేలింది. ఇలాంటి సాధనాన్ని కణంలో వందల సంఖ్యలో పెట్టుకుని బతకడం చిన్న సంగతి కాదు.

పెట్టుకున్నందుకు మూల్యం ఉందని చెప్పే సాక్ష్యాలు చాలానే ఉన్నాయి. ఆర్‌పీఎం-1 ఉన్న మొక్కలనూ లేని మొక్కలనూ పక్కపక్కనే పొలంలో పెంచి చూసిన ప్రయోగం 2003లో వెలువడింది. ఆ జన్యువు ఉన్నవాటిలో గింజల దిగుబడి 9 శాతం తగ్గింది. 2010లో ఏసీడీ-6 అనే జన్యువులో సహజంగా ఉన్న ఒక రూపాన్ని వర్ణించారు. అది ఉన్న అరబిడాప్సిస్ రకరకాల రోగాలను తట్టుకుంటుంది, కానీ ఆకులు చిన్నవై మొక్క గిడసబారుతుంది. రెండు వేర్వేరు ప్రాంతాల మొక్కలను కలిపితే పుట్టిన సంకరం ఏ రోగమూ లేకుండానే మచ్చలు పడి ఎండిపోయే సందర్భాలు గోధుమలోనూ పొగాకులోనూ పాతకాలం నుంచే తెలుసు. అరబిడాప్సిస్‌లో 2007 తర్వాత జరిగిన పరిశోధన వీటిలో చాలావాటికి ఒకరి ఎన్‌ఎల్‌ఆర్ మరొకరి ప్రోటీన్‌ను చూసి శత్రువని భ్రమపడడమే కారణమని చూపించింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనేక ఎన్‌ఎల్‌ఆర్ జన్యువులను ఒక్కపెట్టున అణిచి ఉంచుతాయని టమాటా, సోయా కుటుంబపు మొక్కల్లో కనిపించింది. జన్యువులను కూడబెట్టడం మొక్కకు ఎంత అవసరమో, వాటి నోరు నొక్కి ఉంచడమూ అంతే అవసరమని ఇవన్నీ చెబుతున్నాయి.

ఇక్కడ తెలుగు నేల నుంచే గట్టి అభ్యంతరం రావచ్చు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు పూర్తిగా లొంగే రకం. ఆకు కొసన మొదలై అంచుల వెంట అలలు అలలుగా కిందికి పాకే పసుపు చారలను రైతులు దూరం నుంచే గుర్తుపడతారు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలనాలయం, సీసీఎంబీ కలిసి మార్కర్ల సాయంతో ఇందులోకి ఎక్స్‌ఏ-21, ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 అనే మూడు జన్యువులను చేర్చాయి. అలా వచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. దిగుబడి తగ్గలేదు, గింజ సన్నదనమూ పోలేదు. మూడు నిరోధక జన్యువులు చేరినా నష్టం లేనప్పుడు నీ మూల్యం ఎక్కడుందని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆ మూడు జన్యువులూ ఏం చేస్తాయో విడదీసి చూస్తే జవాబు దొరుకుతుంది. మూడింటిలో రెండు అసలు కాపలాదారులే కావు. ఈ బాక్టీరియా తన ఎఫెక్టర్లను వరి కేంద్రకంలోకి పంపి, చక్కెరను కణం బయటికి వదిలే స్వీట్-11 జన్యువును బలవంతంగా ఆన్ చేయించుకుంటుంది. ఎక్స్‌ఏ-13లో ఆ జన్యువు ముందుండే స్విచ్ భాగం మారిపోయింది, ఎఫెక్టర్‌కు పట్టు దొరకదు. ఎక్స్‌ఏ-5లో జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక భాగంలో ఒకే ఒక అమైనో ఆమ్లం మారింది, దాంతో ఎఫెక్టర్‌కు ఆ యంత్రాంగం మీద పట్టు సడలుతుంది. స్వీట్-11 లేకుండా వరికి సరైన పుప్పొడి రాదు కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయడానికి వీల్లేదు. మొక్కకు కావాల్సినప్పుడు పనిచేసి బాక్టీరియా పిలిచినప్పుడు పలకకుండా ఉండడమే ఎక్స్‌ఏ-13 గొప్పదనం. దీన్ని రోగనిరోధక స్పందన అనడం కంటే జన్యువు స్విచ్‌ను శత్రువు చేతికి దక్కకుండా చేయడం అనడం సబబు. నా వాదనకు ఇది సొంత బిడ్డ కాకపోయినా దగ్గరి చుట్టమే.

మూడోది, ఎక్స్‌ఏ-21, మాత్రం అచ్చమైన గ్రాహకమే. ఆఫ్రికా అడవి వరి ఒరైజా లాంజిస్టామినేటా నుంచి వచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం దాన్ని వేరుచేసింది. అది దేన్ని గుర్తుపడుతుందో తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ప్రకటించిన జవాబు తప్పని 2013లో ఆ బృందమే తన పత్రాలను వెనక్కి తీసుకుంది. 2015లో రాక్స్‌ఎక్స్ అనే గంధకం తగిలించిన చిన్న ప్రోటీన్ ముక్కను గుర్తించారు.  ఎక్స్‌ఏ-21 మీద కూడా పగ్గాలు ఉన్నాయి. ఒక ప్రోటీన్ దాన్ని నిద్రాణంగా ఉంచుతుంది, మరొకటి అది మేల్కొన్న తర్వాత దాని మీది ఫాస్ఫేట్లను తీసేసి చల్లబరుస్తుంది. దిగుబడి నష్టం కనిపించకపోవడానికి ఈ పగ్గాలు ఒక కారణం. మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ, గిడసబారినవాటిని ప్రతి తరంలోనూ ఏరి పారేయడం రెండో కారణం. మూల్యం కనిపించకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు, దాన్ని కట్టిన మొక్కలు ఎంపికలో మిగలకపోవడమే. అన్ని నిరోధక జన్యువులకూ ఒకే మోతాదు నష్టం ఉండదన్నదీ నిజమే. బాగా పగ్గాలున్న జన్యువుకు తక్కువే ఉంటుంది. సీసీఎంబీలోనే రమేశ్ సొంటి బృందం 2007లో చూపిన ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. కణపు గోడను కరిగించే ఎంజైములను ఈ బాక్టీరియా వదిలినప్పుడు, తన గోడ దెబ్బతిన్నదన్న ఆనవాలుతోనే వరి మేల్కొంటుంది. బాక్టీరియా తన ఎఫెక్టర్లతో ఆ స్పందనను అణిచేస్తుంది. అంటే లొంగిపోయే సాంబ మసూరి కూడా శత్రువును పసిగట్టలేక లొంగిపోవడం లేదు. పసిగట్టిన తర్వాత జరిగే పోరులో ఓడిపోతోంది.

రెండో అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. తుప్పు, అగ్గి తెగులు వంటివాటికి నిరోధక వంగడం విడుదల కావడం, కొన్నేళ్లకే రోగకారకం మారి ఆ వంగడం కుప్పకూలడం పదేపదే జరిగింది. ఎఫెక్టర్ మారితే గ్రాహకం గుడ్డిదవుతుంది, కాబట్టి అసలు లోటు గుర్తింపులోనే ఉందని వాదించవచ్చు. ఇది సగం నిజం. గుర్తింపు మీదే కట్టిన నిరోధకత ఎందుకు కూలుతుందో ఇది చెబుతుంది, ఏది నిలుస్తుందో చెప్పదు. నిలిచినదానికి బార్లీ ఉదాహరణ ఉంది. 1942లో జర్మనీలో ఎక్స్-కిరణాలతో పుట్టించిన ఎంఎల్‌ఓ అనే మార్పు బూడిద తెగులును దాదాపు పూర్తిగా ఆపుతుంది. 1979 నుంచి యూరప్ పొలాల్లో ఉంది, ఇంతకాలమైనా చెక్కుచెదరలేదు. అది కొత్త గ్రాహకం కాదు, ఉన్న ఒక పగ్గం తెగిపోవడం. అలాగైతే పగ్గాలు తెంపడమే మంచిది కదా అని వెంటనే అనిపిస్తుంది. కానీ ఆ మొక్కల్లో రోగం లేకుండానే ఆకుల మీద చచ్చిన కణాల చుక్కలు వస్తాయి. అగ్గి తెగులు శిలీంధ్రానికీ, రాములేరియా ఆకుమచ్చకూ అవి మామూలు బార్లీకంటే ఎక్కువగా లొంగుతాయి. విక్టోరియా ఓట్స్ నేర్పిన పాఠమే ఇంకో రూపంలో. బతికి ఉన్న కణాలను తినే బూడిద తెగులుకు పనికొచ్చిన ఎత్తు, చచ్చినవాటిని తినేవాటికి ఆహ్వానం అవుతుంది. పగ్గాన్ని తెంపాలా బిగించాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. ఆ పొలంలో ఏ శత్రువుందన్నది చూడాలి.

పైపొర గ్రాహకాలు ఒక అంచె, లోపలి ఎన్‌ఎల్‌ఆర్‌లు రెండో అంచె అని 2006లో జోన్స్, డాంగిల్ గీసిన చిత్రం పదిహేనేళ్లు పాఠ్యపుస్తకాలను ఏలింది. మొదటి అంచె తీసేస్తే రెండోది కూడా సరిగ్గా పనిచేయదని, రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తాయని 2021లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. కాబట్టి ఇప్పుడు అంచెల లెక్క కంటే వాటిని కలిపే నియంత్రణ లెక్కే ముఖ్యమైంది. ఇటీవల వరిలో వచ్చిన మంచి ఫలితాల్లో చాలావి అక్కడివే. చైనాలో వాడుకలో ఉన్న పీజీఎం అనే జన్యువుల గుంపులో ఒకటి అగ్గి తెగులును ఆపి దిగుబడిని తగ్గిస్తుంది. దాని పక్కనే ఉన్న మరొకటి మొదటిదాన్ని అణిచి, ముఖ్యంగా పుప్పొడిలో, గింజ కట్టే శక్తిని నిలబెడుతుంది. ఇది 2017లో వెలువడింది. కంకి ఆకృతిని నిర్ణయించే ఐపీఏ-1 అనే ప్రోటీన్ అగ్గి తెగులు సోకగానే ఫాస్ఫేట్ తగిలించుకుని రక్షణ జన్యువులను నడిపిస్తుందని, 48 గంటల్లో మళ్లీ తన పాత పనికి మళ్లుతుందని 2018లో తెలిసింది. షిన్నియన్ డాంగ్ బృందం 2017లో ఎన్‌పీఆర్-1 అనే ప్రధాన రక్షణ ప్రోటీన్‌ను, రోగం తగిలినప్పుడే అనువాదానికి దారిచ్చే ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క వెనక పెట్టి వరిలో చేర్చింది. ఎన్‌పీఆర్-1 ఎప్పుడూ పనిచేస్తూ ఉన్న వరి గిడసబారింది. ఈ కొత్త వరి గిడసబారలేదు, రెండు రకాల రోగాలనూ తట్టుకుంది. రెండింటిలోనూ ఉన్నది అదే ప్రోటీన్, మారినది అది వచ్చే వేళ ఒక్కటే.

ఎండ ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేయగలదు. పొగాకు మొజాయిక్ వైరస్‌ను ఆపే ఎన్ జన్యువు 28 డిగ్రీలు దాటితే పనిచేయదని చాలాకాలంగా తెలుసు. అరబిడాప్సిస్‌లో కూడా ఆ వేడికి సాలిసిలిక్ ఆమ్లం తయారీ కుంటుపడుతుంది. సీబీపీ-60జీ అనే జన్యువు మూతపడడమే కారణమని, వేడికి లొంగని స్విచ్‌ను దానికి అమరిస్తే రక్షణ తిరిగి వస్తుందని 2022లో హె బృందమే చూపింది. వరిలోని ఎక్స్‌ఏ-7 మాత్రం వేడిలో ఇంకా బాగా పనిచేస్తుంది. అన్ని నిరోధక జన్యువులనూ ఒకే గాటన కట్టి వాతావరణ మార్పు మీద తీర్పు చెప్పేవారు ఈ ఒక్క జన్యువును చూసైనా తొందర తగ్గించుకోవచ్చు.

ఇక చేయాల్సిన పని ఎక్కడుందంటే, మళ్లీ సాంబ మసూరి దగ్గరే. ఎక్స్‌ఏ-13 మూసింది స్వీట్-11 తలుపును మాత్రమే. అదే కుటుంబపు మరో జన్యువు స్వీట్-14 స్విచ్‌ను పట్టే ఎఫెక్టర్లున్న బాక్టీరియా రకాలు దాన్ని దాటగలవు. స్వీట్-11, 13, 14 మూడింటి స్విచ్‌లనూ జన్యు సవరణతో మార్చి, విస్తృతంగా తట్టుకునే వరిని రూపొందించవచ్చని 2019లో అంతర్జాతీయ బృందం చూపించింది. బయటి జన్యువు మిగలని ఇలాంటి చిన్న మార్పులకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి భారత ప్రభుత్వం 2022లో మినహాయింపు ఇచ్చింది. హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరినే సవరించి దిగుబడి పెంచిన ‘కమల’ రకాన్ని 2025లో ప్రకటించింది. రకమూ, చేతులూ, దారీ మూడూ సిద్ధంగానే ఉన్నాయి. స్విచ్‌లు మార్చితే చాలు, ఎక్స్‌ఏ-21 ఇక అక్కర్లేదు అనేవారుంటే వారితో నేను ఏకీభవించను. బాక్టీరియా ఎఫెక్టర్లు డీఎన్‌ఏను చదివే భాగాన్ని తేలిగ్గా మార్చుకోగలవు, అదే స్విచ్‌లో కొత్త చోటు వెతుక్కోగలవు. అప్పుడు బాక్టీరియాను పట్టుకోవడానికి పైపొర మీద మెలకువగా ఉన్న గ్రాహకం కావాలి, ఆ గ్రాహకాన్ని హద్దులో ఉంచే ప్రోటీన్లూ కావాలి. మూడు జన్యువుల సాంబ మసూరిలో స్వీట్-13, స్వీట్-14 స్విచ్‌లను కూడా మార్చి, ఎక్స్‌ఏ-21ను అలాగే ఉంచి, మచ్చ పొడవుతోపాటు గింజ బరువునూ పుప్పొడి నాణ్యతనూ వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచే పరీక్ష ముందుగా జరగాలి.